కత్తి మన చేతిలో, ముద్ర మరొకరి చేతిలో

నీట్ ఫలితాలు వెలువడిన ప్రతి ఏడాదీ పశ్చిమ ప్రకాశంలో ఒకే కథ పునరావృతమవుతోంది. మార్కాపురంలోనో, కంభంలోనో, గిద్దలూరులోనో బైపీసీ చదివిన ముస్లిం బిడ్డకు ఎంబీబీఎస్ సీటుకు చాలని ర్యాంకు వస్తుంది. ఇంటిల్లిపాదీ కుంగిపోతారు. ఇక మిగిలినవి రెండే దారులన్నట్లు మాట్లాడుకుంటారు. ఉన్న కాస్త బంగారం కుదువపెట్టి మరో ఏడాది కోచింగుకు పంపడం ఒకటి, దగ్గరలోని డిగ్రీ కళాశాలలో పేరు రాయించడం మరొకటి. ఆడపిల్ల అయితే మూడో దారి కూడా ఉంది, నిఖా. అదే నీట్ ర్యాంకు ఆధారంగా చేరదగిన ఇంకొక డాక్టరు చదువు ఉన్నదన్న సంగతి ఆ ఇంట చర్చకే రాదు. ఎవరైనా గుర్తుచేసినా "గొడ్ల డాక్టరా?" అన్న ఒక్క మాటతో ఆ చర్చ ముగిసిపోతుంది. తరతరాలుగా జీవాల మీదనే బతుకుతున్న ఇళ్లలో ఈ మాట వినబడటం మాకు వింతగానూ ఉంది, బాధగానూ ఉంది.

ఈ ప్రాంతపు కష్టాలు మా పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుంచి వచ్చి అందులో చేరాయి. అక్కడ ఒక అంచున ఉండినవి ఇక్కడ మరో అంచు అయ్యాయి. గుండ్లకమ్మ పుట్టింది ఈ నల్లమలలోనే, కంభం చెరువు శతాబ్దాల నాటిది. అయినా నీటికి కటకటే, వెలిగొండ కోసం ఎదురుచూపులే. దేశంలోని పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకలను చెక్కిచ్చిన మార్కాపురంలో ఆ పలకల పరిశ్రమ కూడా మునుపటి కళ కోల్పోయింది. వాన మొగం చాటేసిన ఏట పొలం ఏమీ ఇవ్వదు, మంద మాత్రం ఎంతో కొంత ఇస్తుంది. అందుకే ఇక్కడి మెట్టరైతు ఇంట నాలుగు జీవాలైనా ఉంటాయి. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ తరువాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే, సుమారు 1.76 కోట్లు. పొడవు కాళ్లతో, ఉన్నికి బదులు పొట్టి వెంట్రుకలతో ఉండే నెల్లూరు జాతి గొర్రె పుట్టి పెరిగింది నెల్లూరు, ప్రకాశం మెట్టల్లోనే.

ఆ మందకూ పట్టణపు వంటింటికీ నడుమ నిలబడినవారిలో మనవారు గణనీయంగా ఉన్నారు. గొల్ల సోదరుడు పెంచిన పొట్టేలును సంతలో బేరమాడి కొనేది, దానిని కోసేది, తోలు ఒలిచి ఉప్పువేసి మండీకి చేర్చేది, కోళ్ల దుకాణం నడిపేది, రెండు గేదెలు కట్టుకుని ఇంటింటికీ పాలు పోసేది మనవారే. ఖురేషీలు మాత్రమే కాదు, షేక్ కుటుంబాలూ దూదేకుల కుటుంబాలూ కూడా ఈ పనుల్లో ఉన్నాయి. సంతలో ఒక పెద్దాయన మేకపోతు పెదవి ఎత్తి పళ్లు చూసి దాని వయసు చెప్పేస్తాడు. పాలపళ్లా, రెండు పళ్లు వేసిందా, నాలుగా అన్నది క్షణంలో తేలిపోతుంది. ఖుర్బానీకి మేక ఏడాది నిండి ఉండాలి, గుడ్డిదో కుంటిదో బక్కచిక్కినదో కాకూడదు అన్న ధర్మనియమం ఆయనకు ఈ విద్య నేర్పింది. పశువైద్య కళాశాలలో దంతాలను బట్టి వయసు నిర్ణయించడం ఒక పాఠం. నడకలోని లోపం, కంటి కలక, ఒంటి కండ చూసి ఆరోగ్యం అంచనా వేయడం మరో పాఠం. మన పెద్దాయనకు ఈ పాఠాలు సగం వచ్చు. కానీ ఆయన మాటకు కాగితం మీద విలువ లేదు, ఆయన మనుమడికి ఆ మిగతా సగం నేర్పించిన వారు లేరు.

కాగితం మీద విలువ ఎందుకంటే, మన బతుకుతెరువు ఈనాడు అడుగడుగునా ఒక ధ్రువపత్రం మీద ఆధారపడి ఉంది. జీవాలను లారీలో తరలించాలంటే అవి ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉన్నాయని పశువైద్యుడు రాసివ్వాలి. 1978 నాటి జంతు రవాణా నియమాలు చెప్పేది అదే. 1977 నాటి రాష్ట్ర గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ప్రకారం ఎద్దు, దున్న, గేదె వంటి పశువును కోయాలన్నా అధీకృత అధికారి ధ్రువపత్రం ఉండాలి. 2001 నాటి వధశాలల నియమాలు ఇంకా వివరంగా ఉన్నాయి. కోతకు ముందు ప్రతి జీవాన్నీ పశువైద్యుడు పరీక్షించాలి, ఒక వైద్యుడు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి పరీక్షించరాదు. కోసిన తరువాత కాలేయం, ఊపిరితిత్తులు, గ్రంథులు చూసి మాంసం తినదగినదో కాదో తేల్చవలసింది కూడా ఆ వైద్యుడే. కత్తి మన చేతిలో ఉంది. ముద్ర మాత్రం విశ్వవిద్యాలయంలో చదివినవారి చేతిలో ఉంది.

ఈ నియమాలను మేము తప్పుపట్టడం లేదు. తినేవాడి ఆరోగ్యానికీ, కోతకు వెళ్లే జీవం అనవసరపు బాధ పడకుండా ఉండటానికీ అవి అవసరమే. కోసేటప్పుడు కత్తికి పదును పెట్టుకోండి, జీవాన్ని హింసించకండి అన్న దైవప్రవక్త (సఅసం) బోధను ఎరిగిన సముదాయానికి ఈ నియమాల స్ఫూర్తి పరాయిది కాదు. మా అభ్యంతరం వాటిని అమలుచేసే తీరు మీద. ప్రభుత్వం చిన్న పట్టణాల్లో పరిశుభ్రమైన వధశాల కట్టదు, కట్టినచోట నీళ్లు ఉండవు, పరీక్షించే వైద్యుడికి చేతినిండా వేరే పని ఉంటుంది. బక్రీద్ రాగానే మాత్రం నియమాలన్నీ ఒక్కసారిగా గుర్తుకొస్తాయి. సరుకు పట్టుకున్నప్పుడు లారీ దగ్గర నిలబడి చట్టం ఏమంటున్నదో, ఏ పత్రం సరైనదో చదివి చెప్పగల మనిషి మన పక్షాన ఒక్కడు ఉంటే, పోలీసు స్టేషను దాకా పోయే గొడవల్లో చాలావరకు రోడ్డు మీదనే సర్దుకుంటాయి. అలాంటివారు తమ పట్టణంలో ఎందరున్నారో ఎవరికి వారు వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

ఈ చదువు లేకపోవడం వల్ల మనం పోగొట్టుకుంటున్నది హక్కులను మాత్రమే కాదు, ఆరోగ్యాన్ని కూడా. చూడి పశువులను ఈసుకుపోయేలా చేసే బ్రుసెల్లోసిస్ అనే వ్యాధి ఉంది. ఆ పశువు మాయనూ, ఉమ్మనీటినీ చేతులతో ముట్టుకున్నవారికీ, చేతి మీది గాయంతోనే కోత పని చేసేవారికీ, పచ్చిపాలు తాగేవారికీ అది సోకుతుంది. వచ్చిపోయే జ్వరం, రాత్రిళ్లు చెమటలు, కీళ్లనొప్పులు దాని లక్షణాలు. మలేరియా అనీ టైఫాయిడ్ అనీ నెలల తరబడి మందులు మింగి, పనిలోకి పోలేక, అసలు రోగం పేరు తెలియకుండానే కుంగిపోయేవారు ఉంటారు. 2019లో కేంద్రం గాలికుంటుతో పాటు ఈ వ్యాధి నివారణకు జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్యదూడలకు టీకా వేయడం అందులో భాగం. ఈ సంగతి కోత పనివారి ఇళ్లకు ఎవరు చెప్పారు? దొమ్మ రోగంతో చచ్చిన గొర్రెను కోస్తే ఆ క్రిమి నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటుందన్నది కూడా ఇలాంటిదే. దానంతట అది చచ్చిన జీవం మాంసం మనకు నిషిద్ధమని ప్రతి ముస్లింకూ తెలుసు. ఆ కళేబరాన్ని ఒలవకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలన్నది మాత్రం చదువుకున్నవాడు వచ్చి చెప్పవలసిన మాట. మన వీధిలోని బిడ్డే ఆ మాట చెబితే మన వీధి వింటుంది.

ఇక చదువు సంగతి. మద్రాసులో 1903లోనే పశువైద్య కళాశాల వచ్చింది. తెలుగునేల మీద తొలి పశువైద్య కళాశాల నిజాం రాజ్యంలో, 1946లో, హైదరాబాదులో వెలసింది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన తరువాత 1955లో తిరుపతి కళాశాల వచ్చింది. 2005లో తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. నేడు తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలలో దాని కళాశాలలున్నాయి. 2008లో వచ్చిన ప్రొద్దుటూరు కళాశాల గిద్దలూరు వారికి పోరుమామిళ్ల, మైదుకూరు మీదుగా ఒక్క పూట ప్రయాణం. ఈ మాట ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. తిరుపతి దూరమని ఆడపిల్లలను ఆపే తల్లిదండ్రులకు ప్రొద్దుటూరు గుర్తుకు రాదు.

బీవీఎస్సీ అండ్ ఏహెచ్ అనే ఈ పట్టా చదువు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర సంవత్సరాలు. శరీర నిర్మాణం, శరీర ధర్మం, ఔషధశాస్త్రం, రోగనిర్ధారణ, సూక్ష్మజీవశాస్త్రం, శస్త్రచికిత్స, గర్భకోశ వ్యాధులు, అన్నీ ఎంబీబీఎస్‌లో ఉండే శాస్త్రాలే. తేడా ఏమిటంటే అక్కడ ఒక్క మనిషి శరీరం, ఇక్కడ ఆవు, గుర్రం, గొర్రె, కుక్క, కోడి. నోరు తెరిచి నొప్పి ఎక్కడో చెప్పలేని రోగి ముందు నిలబడి రోగం కనిపెట్టాలి. దానికి తోడు మేపు, జన్యువులు, జాతుల అభివృద్ధి, పాలు మాంసం గుడ్ల శాస్త్రం, ప్రజారోగ్యం కూడా చదవాలి. మాంసాన్ని ఎలా పరీక్షించాలి, ఎంత చల్లదనంలో ఎంతకాలం నిలవచేయాలి, తోలు చెడకుండా ఎలా ఒలవాలి అన్నవి అక్కడ పాఠ్యాంశాలు. మన దుకాణాల్లో తాత నుంచి మనుమడికి నోటిమాటగా వచ్చిన విద్య అక్కడ ప్రయోగశాలలో ఉంది. పట్టభద్రులకు పశుసంవర్ధక శాఖలోనే కాక బ్యాంకులు, బీమా సంస్థలు, పాల డెయిరీలు, కోళ్ల పరిశ్రమ, టీకాల తయారీ సంస్థలు, సైన్యంలోని పశువైద్య విభాగం వంటి చోట్లా కొలువులున్నాయి.

ఐదున్నర ఏళ్లు చదివించే శక్తి లేని ఇళ్లే మనలో ఎక్కువ. వారి కోసం ఇదే విశ్వవిద్యాలయం పదో తరగతి తరువాత రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా నడుపుతోంది. గ్రామ సచివాలయ వ్యవస్థ వచ్చిన 2019లో పశుసంవర్ధక సహాయకుల పోస్టులు వేల సంఖ్యలో ప్రకటించినా, అర్హత గల అభ్యర్థులు చాలక చాలా పోస్టులు మిగిలిపోయాయి. మళ్లీ 2023 నవంబరులో 1,896 పోస్టులకు ప్రకటన వచ్చింది. ఉద్యోగాలు లేవని నిట్టూర్చే మన యువకులకు ఈ ముక్క వినబడలేదంటే లోపం వారిలో ఉన్నదనుకోలేము. ఆ ప్రకటన చదివి వినిపించే వ్యవస్థ మన వీధుల్లో లేదు. కోత, మాంస పరిశ్రమలలోనే స్థిరపడదలచినవారికి మరో చోటు ఉంది. హైదరాబాదు శివార్లలోని చెంగిచర్లలో 1999లో ఏర్పడిన జాతీయ మాంస పరిశోధన సంస్థ పరిశుభ్రమైన కోత, మాంసం నిలవ, మాంసపు వంటకాల తయారీలో శిక్షణ ఇస్తుంది. మాంసం వృత్తిలో ఉన్నవారికి ప్రభుత్వ డబ్బుతో నడిచే పరిశోధన సంస్థ ఒకటి ఉన్నదన్న సంగతే మనలో చాలామందికి ఆశ్చర్యం కలిగించవచ్చు.

సీట్ల విషయంలో మన హక్కు ఏమిటో కూడా స్పష్టంగా తెలుసుకోవాలి. పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా 2007లో వచ్చిన చట్టం వెనుకబడిన ముస్లిం సమూహాలకు బీసీ-ఇ కింద విద్యలో, ఉద్యోగాల్లో 4 శాతం కేటాయించింది. ఆ జాబితాలో షేక్‌లు ఉన్నారు. ఖురేషీ, ఖసాబ్, ముస్లిం కటిక అన్న పేర్లు విడిగా అచ్చయి ఉన్నాయి. కోత వృత్తి కారణంగా వెనుకబడిన వారిని ఆ వృత్తి పేరుతోనే గుర్తించి ఇచ్చిన హక్కు అది. దూదేకులవారు బీసీ-బిలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొగల్ వంటి వారికి బీసీ-ఇ వర్తించదు. ఆదాయ పరిమితికి లోబడితే 2019 నాటి 103వ రాజ్యాంగ సవరణ కల్పించిన ఆర్థిక బలహీన వర్గాల కోటా వారికి ఉంది. అయితే ఈ 4 శాతం గట్టి నేల మీద నిలబడి లేదు. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల హైకోర్టు ధర్మాసనం 5–2 మెజారిటీతో ఆ చట్టాన్ని కొట్టివేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు నీడలోనే ఇది నడుస్తోంది. కోర్టులో పోరాడి నిలుపుకుంటున్న సీటును దరఖాస్తు చేయక వదులుకుంటే, రేపు ఆ కోటా అవసరమే లేదని వాదించేవారికి మనమే ఆధారం సమకూర్చినవారమవుతాము.

2006లో సచార్ కమిటీ చెప్పిన లెక్క మరువదగినది కాదు. దేశంలోని అగ్రశ్రేణి కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో 25 మందికి ఒకరు, పీజీ స్థాయిలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లిం. జనాభాలో మన వాటా అప్పటికి 13.4 శాతం. ఆ లెక్కలు చూసి సిగ్గుపడి ప్రవేశపెట్టిన ఏర్పాట్లను ప్రభుత్వాలు ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుంటున్నాయి. పరిశోధక విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022 డిసెంబరులో కేంద్రం ఆపేసింది. అదే ఏడాది 1 నుంచి 8 తరగతుల మైనారిటీ పిల్లల ఉపకార వేతనాలకూ స్వస్తి పలికింది. పునాదిని తవ్వి, గోపురం ఎందుకు లేవలేదని అడగడం ఇది. పశుశాస్త్రంలో పీజీ, పీహెచ్‌డీ దాకా వెళ్లాలనుకున్న పేద బిడ్డకు ఆ ఫెలోషిప్ ఎంత అండగా ఉండేదో వేరే చెప్పాలా?

ప్రభుత్వాల తప్పు ఇంత ఉన్నా, మన ఇళ్లలోని సంకోచాలను దాచుకుంటే ప్రయోజనం లేదు. కుక్కనూ పందినీ ముట్టుకోవలసి వస్తుంది కదా, అది మనకు తగునా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తినడం వేరు, చికిత్స కోసం తాకడం వేరు. చేతికి తొడుగు ఉంటుంది, పని ముగిశాక శుద్ధి చేసుకునే విధానాన్ని షరీఅత్ నేర్పే ఉంది, నమాజుకు దుస్తులు మార్చుకోవచ్చు. దాహంతో నాలుక చాచిన కుక్కకు బావిలోని నీళ్లు తోడి తాపినవాడిని అల్లాహ్ క్షమించాడని చెప్పిన ధర్మం, దాని గాయానికి కట్టు కట్టేవాడిని ఎందుకు దూరం పెడుతుంది? సందేహం ఉన్నవారు తమ ఊరి ఆలిమును అడగవచ్చు. అడగకుండానే బిడ్డ దారి మూసేయడం మాత్రం తగదు.

పశువైద్యం మన చరిత్రకు పరాయిది కూడా కాదు. తొమ్మిదో శతాబ్దంలో బస్రాకు చెందిన అల్ జాహిజ్ జంతువుల మీద ఒక మహాగ్రంథం రాశాడు. పద్నాలుగో శతాబ్దపు కైరోలో సుల్తాను గుర్రాలకు వైద్యం చేసిన అబూ బక్ర్ అశ్వవైద్యం మీద రాసిన పుస్తకం నేటికీ ఉంది. ఉర్దూలో పశువైద్యుడిని సలోత్రీ అంటారు. ఆ మాట ప్రాచీన భారతీయ అశ్వవైద్యుడు శాలిహోత్రుని పేరు నుంచి వచ్చింది. మన తాతలు ఈ నేల విద్యను ఈ నేల పేరుతోనే నేర్చుకున్నారు, గౌరవించారు. "గొడ్ల డాక్టరు" అన్న చులకన ఆ తరువాత ఎప్పుడో మనకు అంటుకున్నది.

ఆడపిల్లల గురించి ఒక మాట. ఎద్దును పట్టుకునే బలం వారికెక్కడిదని అనేవారు ఒక్కసారి పశువైద్య కళాశాల తరగతి గదిలోకి తొంగిచూస్తే మంచిది. పశువును లొంగదీసేది కండబలం కాదు, కట్టే పద్ధతి. పైగా పల్లెల్లో పాలు పితికేది, దూడను సాకేది, పేడ తీసేది స్త్రీలే. వారి గేదె జబ్బు గురించి వారితో మనసు విప్పి మాట్లాడేది మరో స్త్రీ అయితే ఆ మాటలో దాపరికం ఉండదు. ఉర్దూ మాధ్యమంలో పదో తరగతి చదివిన అమ్మాయికి ఉన్న అడ్డంకి వేరు. ఆమె ఒక్కసారిగా ఇంగ్లీషు బైపీసీలోకి దూకాలి. కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయం 2016లో వచ్చింది, సంతోషమే. కానీ విజ్ఞానశాస్త్రం వైపు దాటించే వంతెన పదో తరగతి దగ్గరే కావాలి.

మేము ప్రభుత్వాన్ని అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. మార్కాపురం ప్రాంతంలోని ఉర్దూ, మైనారిటీ పాఠశాలల్లో పది పూర్తయిన పిల్లలకు సెలవుల్లో సైన్సు, ఇంగ్లీషు వంతెన తరగతులు పెట్టాలి. పశువైద్య విశ్వవిద్యాలయం డిప్లొమా, డిగ్రీ ప్రవేశ ప్రకటనలు ఉర్దూలో కూడా ఈ పాఠశాలలకు చేరాలి. మార్కాపురం, గిద్దలూరు, కంభంలలో నీళ్లు, విద్యుత్తు, పరీక్షించే వైద్యుడు ఉన్న వధశాల ఉండాలి. అది సమకూర్చేవరకు రోడ్డు పక్కన కోశారని పేదవాడి మీద కేసు పెట్టడం న్యాయం కాదు. కోత పనివారికి ఏడాదికోసారి బ్రుసెల్లోసిస్ రక్తపరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా జరగాలి. 1962 నంబరుకు ఫోను చేస్తే పశువు దగ్గరకే వైద్య వాహనం వచ్చే ఏర్పాటు చేయగలిగిన ప్రభుత్వానికి ఆ పశువు మాంసం మీద బతికే మనిషికి ఏడాదికి ఒక పరీక్ష చేయించడం భారం కాబోదు.

మసీదు కమిటీలకు ఒక విన్నపం. పదో తరగతి ఫలితాలు వచ్చిన తరువాతి మొదటి జుమా నాడు ఖుత్బా ముగిశాక పది నిమిషాలు కేటాయించండి. పశుసంవర్ధక డిప్లొమా ప్రకటన ఎప్పుడు వస్తుందో, ఏ సర్టిఫికెట్లు కావాలో చదివి వినిపించండి. చాలామంది పిల్లలకు సీటు తప్పేది మార్కులు లేక కాదు, బీసీ-ఇ కుల ధ్రువీకరణ, ఆదాయ పత్రం సకాలంలో చేతికి రాక. తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగడానికి దినకూలీ తండ్రికి రోజు ఉండదు. ఆ తిరుగుడు బాధ్యత వీధికి ఇద్దరు చదువుకున్న యువకులు తీసుకోవాలి, అదీ ఫలితాలు వచ్చాక కాదు, పిల్లలు పదో తరగతిలో చేరిన నెలలోనే. మాంసం వర్తకుల సంఘాలు ఏటా బక్రీద్ తోళ్ల మీద వచ్చే సొమ్ములో కొంత తీసి ఒక్క విద్యార్థి హాస్టలు ఖర్చు భరించినా చాలు. తోలు ధర పడిపోయిందని మాకు తెలుసు. పడిపోయిన ఆ ధరలోనే ఒక బిడ్డ ఐదున్నర ఏళ్ల భోజనం ఖర్చు ఎంతవుతుందో ఈ బక్రీద్‌కు ముందే లెక్క వేసి చూడండి.